చనిపోయినవాడికి లేని కుక్క

గదిలోకి అడుగు పెట్టినప్పటినుంచి అతను గోడల్ని చూశాడు, బీరువాని చూశాడు, కిటికీ చువ్వల్ని కూడా చూశాడు. టైపిస్టు ముఖం ఒక్కటే చూడలేదు.

ఆమె మూల కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన ఆడ కానిస్టేబులు. చేతులకి బేడీలు లేవుగానీ, ఉన్నట్టే ఒళ్ళో ముడుచుకుని పెట్టుకుంది.

పోలీసు డిపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు అతనికి 'చూపుడువేలు' అని పేరు పెట్టారు. వేలు పెట్టి చూపిస్తే వాడే దొంగ, ఇక తిరుగులేదు. ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నా ఆ పేరు వదల్లేదు. మొన్న ఆ వేలు టైపిస్టు మీద పడింది. పోనీ ఇక్కడికొచ్చి, నిలబడి, చూసి చెప్పాడా అంటే అదీ లేదు. ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని, కానిస్టేబులు ఫోన్లో పంపిన ఒక్క ఫొటో చూసి చెప్పాడు. పేపరువాళ్ళు అచ్చేశారు. మెచ్చుకున్నారు కూడా.

పోయినాయన బీమా సర్వేయరు. కాలిపోయిన గోడౌన్లకీ దుకాణాలకీ వెళ్ళి, ఫొటోలు తీసి, నిప్పు ఎక్కడ పుట్టిందో తేల్చడం ఆయన పని. భార్య పోయాక అక్కగారితో ఈ ఇంట్లో ఉంటున్నాడు. ముందుగది ఆఫీసు. ఆ గదిలోనే, ఇనుప బీరువా మూలకి తల కొట్టుకుని పడి ఉంటే సాయంత్రం అక్కగారు చూసింది. ఎవరో బలంగా తోశారని డాక్టర్లు తేల్చారు. ఆ రోజే ఆయన కంప్యూటర్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కింది. ఫొటోలో తాళం పడిన తెర మీద చిన్న నోటీసు కనిపించింది: కొత్త అకౌంటు సిద్ధం, ఉదయం పది ఇరవై. ఆ వేళకి అక్కగారు డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఇంట్లో ఉన్నది సర్వేయరూ టైపిస్టూ. కొత్త సిస్టమ్ ఎక్కించి కంప్యూటర్ తుడిచినవాళ్ళే మనిషినీ తుడిచారు, పనిచేసిన చెయ్యి టైపిస్టుది అని చూపుడువేలు తేల్చేశాడు.

"రండి గురువుగారూ!" ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచి పలకరించాడు. ఒకప్పుడు చూపుడువేలు కింద పనిచేసినవాడే. "వేలు మీది, సంకెళ్ళు మావి. లెక్క సరిపోయింది కదా. మళ్ళీ ఏం పని పడింది?"

"ఒకసారి నా కళ్ళతో చూసుకుందామని."

"కేసు కట్టాక కళ్ళు తెరుచుకున్నాయా? త్వరగా కానివ్వండి. ఐదింటికి ఈవిణ్ణి జడ్జిగారి ముందు నిలబెట్టాలి."

చూపుడువేలు బల్ల కిందికి వంగాడు. కంప్యూటర్ వెనక ఇంటర్నెట్ వైరు ఊడదీసి ఉంది.

"అది మాకూ కనపడింది లెండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "గుమ్మంలో కెమెరా పట్టిన బొమ్మలు ఆ వైరు మీదుగానే ఈ కంప్యూటర్లో పడతాయి. తన ముఖం పడకుండా పీకేసింది."

"పీకినవాళ్ళు ఇలా చుడతారా?"

వైరు వేలాడటం లేదు. ఎనిమిది అంకెలా మడతలు మడతలుగా చుట్టి, నడుముకి దాని కొసతోనే ముడి వేసి, బల్లకాలికి తగిలించి ఉంది. కంగారుపడే చెయ్యి కాదది. రోజూ వైర్లతో కాపురం చేసే చెయ్యి. ఈ ముడి ఎక్కడో చూశాననుకున్నాడు. ఎక్కడన్నది నాలిక చివరిదాకా వచ్చి జారిపోయింది.

లేచి మౌస్ కదిపాడు. తెర వెలిగింది. పైన సర్వేయరు పేరు, కింద పాస్‌వర్డ్ గడి, మధ్యన పెద్ద అంకెల్లో టైము: పది దాటి ఐదు నిమిషాలు.

తన చేతి గడియారం చూసుకున్నాడు. రెండు దాటి ఐదు నిమిషాలు.

ఆ ఫొటోలోనూ తెర మీద ఇలాగే టైము ఉంది. ఫొటో ఎప్పుడు తీశారని ఒక్క మాట అడిగి ఉంటే ఆ రోజే తెలిసేది. అడగలేదు.

ఇప్పుడు టైపిస్టు వైపు తిరగక తప్పలేదు.

"అమ్మా, ఈ గడియారం..."

"నన్నా సార్, అడుగుతున్నారు?" ఆమె గొంతు పెంచలేదు. "నన్నడక్కుండానే అంతా చెప్పేశారుగా. ఇంకా నా దగ్గరేం మిగిలింది?"

"గడియారం ఎప్పుడూ ఇలాగే వెనక ఉంటుందా?"

"ముసలి కంప్యూటర్. లోపల సెల్లు చచ్చిపోయింది. ఆపేస్తే గడియారమూ పడుకుంటుంది. మళ్ళీ నెట్ తగిలాక నెమ్మదిగా లేచి సర్దుకునేది. ఆ రోజు మిషన్ బాగుచేసేవాడు వస్తాడని పొద్దున్నే ఆపేశాం. సర్దుకునేలోపే వైరు పీకేస్తే దాన్ని ఎవరు లేపుతారు?"

"అంటే ఆ పది ఇరవై..."

"ఈ గడియారం చెప్పిందా అది? నాకెవరూ చెప్పలేదు. నాలుగు గంటలు కలుపుకోండి. మీకు లెక్కలొచ్చుగా."

రెండుంబావు దాటాక. అప్పటికి ఈమె సెలవడిగి తల్లిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ మాట మొదటిరోజే చెప్పింది. ఎవరూ చెవిన పెట్టలేదు.

"ఆ మధ్యాహ్నం సర్వేయరుగారు మీకు ఫోన్ చేశారని స్టేషన్ కాయితాల్లో ఉంది కదా?"

"చేశారు. పాత సిస్టమ్‌కి ఇక మరమ్మతులుండవని రోజూ నోటీసులొస్తుంటే, కంప్యూటర్లు చూసేవాణ్ణి ఎవర్నో సారే మాట్లాడుకున్నారు. 'మిషన్ మనిషి వచ్చాడమ్మా. కొత్తది మెయిల్ అడ్రసు ఇస్తేగానీ ముందుకు కదలనని మొండికేస్తోంది. ఇవ్వనా, వద్దా?' అని అడిగారు. సారుకి భయం, తీసిన ఫొటోలు ఎవరి చేతుల్లోకి పోతాయోనని. నేను ఏదో చెప్పబోతుండగానే ఆ మనిషి వెనకనించి అందుకున్నాడు."

"ఏమని?"

"'నెట్ వైరు పీకేస్తే అదే నోరు మూసుకుంటుంది సార్. లోకల్ అకౌంటు పెట్టేద్దాం. మన అకౌంటు మన మిషన్లోనే పడుంటుంది. మనింటి తాళం మన జేబులోనే ఉండాలి' అన్నాడు."

చూపుడువేలు చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది.

మనింటి తాళం మన జేబులోనే ఉండాలి. ఆ మాట అతను భోజనాల దగ్గర విన్నాడు. ఒకసారా రెండుసార్లా? వినీ వినీ విసుక్కున్నాడు కూడా.

"ఇదంతా మాకూ చెప్పింది గురువుగారూ" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పది ఇరవైకే అకౌంటు పుట్టాక, మధ్యాహ్నం వచ్చి దాన్ని కన్నదెవరు, దెయ్యమా అని అడిగాను. నోట మాట లేదు. కంప్యూటర్‌ని పొద్దున తుడిచింది. తల్లిని ఆసుపత్రి వరసలో కూర్చోబెట్టి వచ్చి, మనిషిని మధ్యాహ్నం తుడిచింది."

"గడియారం నాలుగు గంటలు వెనక ఉందయ్యా. ఆమె చెప్పింది నిజం. నేను చెప్పింది తప్పు."

ఇన్‌స్పెక్టర్ నవ్వు పూర్తిగా పోలేదుగానీ, సగానికి వచ్చింది.

"వేలు వెనక్కి తీసుకుంటున్నారా?"

"తీసుకుంటున్నాను."

"మీదేముంది, మడిస్తే మడుచుకుంటుంది. నేను పైవాళ్ళకి రాసిచ్చింది మడుచుకోదుగా. పేపర్లో మీ ఫొటో పక్కన నా ఫొటో కూడా వేశారు. సరే, ఒక్క మాట. ఆ మిషన్ మనిషెవరో ఐదింటిలోపు చూపించండి. ఈవిణ్ణి నేనే ఇంటి దగ్గర దింపి వస్తాను. చూపించలేకపోతే మాత్రం నా దారికి అడ్డం రావద్దు."

"ఈ కంప్యూటర్ తెరవాలి."

"దానికీ మనిషిని పిలిచాను. మా స్టేషన్లో మిషన్లన్నీ చూసేది అతనే. ఆ రోజునుంచీ 'ఎప్పుడు రమ్మంటారు, నేను తెరిచిపెడతాను' అని వాడే వెంటపడుతున్నాడు. పరాయివాడేం కాదు." ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకున్నాడు. "మీ తమ్ముడే."

ఆ ముడి వేసే చెయ్యి ఎవరిదో చూపుడువేలుకి ఇప్పుడు గుర్తొచ్చింది. అనాల్సింది అప్పుడే. ఆ మాట, ఆ ముడి, రెండూ నాకు తెలుసని చెప్పాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చినదాన్ని దగ్గులా మార్చేశాడు. టైపిస్టు అతని ముఖంలోకే చూస్తోంది.

"సార్" అంది లేస్తూ. "మా అమ్మకి కళ్ళకి కట్టు కట్టారు. పక్కింటివాళ్ళు చూసుకుంటున్నారు. గుమ్మంలో ఎవరి అడుగు పడినా, వచ్చావా అని అడుగుతోందట. ఒకసారి వెళ్ళి, నేను రావడం లేదని మీరే చెప్పండి."

ఆమెను తీసుకుని వాళ్ళు మెట్లు దిగారు.

*

అతను పాస్‌వర్డ్ గడిలో ఏదో ఒకటి కొట్టాడు. తప్పంది. కింద ఇంకో దారి చూపించింది.

మెయిల్‌తో పెట్టిన అకౌంటైతే మర్చిపోయిన పాస్‌వర్డ్‌ని ఆ మెయిల్లోనే వెతుక్కోవచ్చు. లోకల్ అకౌంటుకి బయట చుట్టాలెవరూ లేరు. అందుకే పుట్టించేటప్పుడే ఓ జాబితాలోంచి మూడు ప్రశ్నలు ఎంచుకోమంటుంది. వాటి జవాబులు చెప్పినవాడే యజమాని. తెర మీద ఆ మూడూ వరసగా వచ్చాయి.

అక్కగారు లోపలి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. చేతికర్ర, చెవిలో మిషను, చీర కొంగు బొడ్లో దోపి.

"అమ్మా, మీ తమ్ముడు చిన్నప్పుడు ఏదైనా జంతువుని పెంచారా? కుక్కనో, పిల్లినో?"

"ఆ ఇంట్లో మా నాన్న మమ్మల్ని పెంచిందే ఎక్కువ నాయనా. కుక్క కూడానా!"

"ఆయన్ని ముద్దుగా ఏమని పిలిచేవారు?"

"ముద్దా? వాడు పుట్టడమే పెద్దమనిషిలా పుట్టాడు. ఉయ్యాల్లో కూడా నుదురు ముడేసుకునే పడుకునేవాడు. ఒరేయ్ అంటే పలికేవాడు, అంతే."

"మీ కజిన్లలో అందరికన్నా పెద్ద ఎవరు?"

"కజిన్లంటే?"

"పెద్దనాన్న పిల్లలు, మేనత్త పిల్లలు..."

"మా నాన్న ఒక్కడే కొడుకు, మా అమ్మ ఒక్కతే కూతురు. మాకు కజిన్లూ లేరు, గిజిన్లూ లేరు. ఎందుకివన్నీ?"

"ఈ ప్రశ్నలు ఎంచుకున్నది మీ తమ్ముడు కాదమ్మా. కుక్క ఉన్నవాడెవడో, ముద్దుపేరు ఉన్నవాడెవడో, చుట్టాలున్నవాడెవడో ఎంచుకున్నాడు."

ఆమెకి అర్థమైందో లేదో. కర్ర చెయ్యి మార్చుకుని అడిగింది, "నీకు తమ్ముళ్ళున్నారా?"

"ఒక్కడున్నాడు."

"కనిపెట్టుకుని ఉండు. ఆ రోజు నేను భోంచేసి, చెవి మిషను తీసి పక్కన పెట్టి, కాస్త నడుం వాల్చాను. దగ్గొచ్చి లేచేసరికి వీధితలుపు చప్పుడైనట్టు అనిపించిందిలే, పట్టించుకోలేదు. మళ్ళీ పడుకున్నాను. వాడప్పటికే..." కర్ర నేలకేసి ఒకసారి నొక్కింది. "అక్కని నేను. ఏం లాభం?"

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆ ప్రశ్నకి జవాబు కూడా తెలిస్తే బాగుండుననిపించింది అతనికి.

తమ్ముడు ఒకసారి పప్పన్నం కలుపుకుంటూ చెప్పాడు. "జనానికి పాస్‌వర్డ్ గుర్తుండదు అన్నయ్యా. పెట్టింది నేనేనని నా మీదే అరుస్తారు. అందుకని ఏ మిషన్‌కి లోకల్ అకౌంటు పెట్టినా, ఆ మూడు ప్రశ్నలకీ నా జవాబులే కొట్టేస్తాను. ఊరందరి తాళాలకీ మారుతాళం నా బుర్రలో ఉంటుంది." అప్పుడు అతను నవ్వి, బుర్రున్నవాడివిరా అన్నాడు.

మొదటి గడి. పెంపుడు జంతువు.

వాళ్ళింటి వెనక వంటపొయ్యి బూడిదలో పడుకునే నల్లకుక్క. వాన పడితే తడిసి, నేలమీద నల్లటి మరక చేసేది. దాని పేరు అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టారు. మ, సి అని కొట్టాడు.

రెండో గడి. ముద్దుపేరు.

బడికి వెళ్ళినా వెనకే, బావి దగ్గరికి వెళ్ళినా వెనకే, ఆఖరికి తన్నులు తినేటప్పుడూ వెనకే. "పోరా నా తోకా" అని ఈ అన్నే విదిలించేవాడు. ఆ పేరే ఇంటిల్లిపాదికీ అలవాటైంది. తోక.

మూడో గడి. మేనత్త పెద్దకూతురు. మోకాళ్ళదాకా జడ. ఇద్దరికీ తల దువ్వి, వినకపోతే ఆ జడతోనే కొట్టేది. జడక్క.

కొట్టేముందు ఆగాడు. తెరుచుకోకపోతే ఎంత బాగుండునో అనుకున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ తాళం దగ్గరా అలా కోరుకోలేదు.

తెరుచుకుంది.

కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమంది. పెట్టాడు. కొత్త సిస్టమ్ అప్పుడే కట్టి సున్నం వేసిన ఇల్లంత ఖాళీగా ఉంది. అయితే తుడిచేయడం మాత్రం జరగలేదు. అతను చెప్పింది అక్కడా తప్పే. కొత్తది ఎక్కేటప్పుడు పాతదాన్ని పారెయ్యదు, అటకెక్కిస్తుంది. కొన్నాళ్ళు చూసి, ఎవరూ అడక్కపోతే అప్పుడు తనే చెరిపేస్తుంది. ఆ అటక మీద సర్వేయరు ఫొటోలన్నీ భద్రంగా ఉన్నాయి. ఆఖరిసారి తెరిచిన ఫోల్డరు కూడా కనిపించింది: ప్లైవుడ్ గోడౌన్.

ఆ గోడౌన్ తెలియనివాళ్ళు లేరు. లోపల నిద్రపోతున్న కాపలాదారు నిద్రలోనే బుగ్గయ్యాడు.

ఫొటోలు ఒక్కొక్కటే తిప్పాడు. మసిపట్టిన గోడ. కరిగిన కెమెరా. ఆ కెమెరాకి వెళ్ళే కరెంటు వైరు, మిగిలింది మిగిలినట్టు, ఎనిమిది అంకెలా చుట్టి, నడుముకి కొసతోనే ముడి. దాని పక్కన అతుకు వేసినచోట రాగి తీగ నగ్నంగా ఉంది. సర్వేయరు ఎర్రగా సున్నా చుట్టి ఉంచాడు. నిప్పు ఇక్కడ పుట్టింది.

ఇక చెప్పేదేముంది? తమ్ముడు కొత్త సిస్టమ్ ఎక్కించి, ఫొటోలు అటక మీదనుంచి దింపుతూ, గోడౌన్లో కెమెరా బిగించిన తన చేతిపనిని తనే చూసుకున్నాడు. బతిమాలి ఉంటాడు. సర్వేయరు ఒప్పుకుని ఉండడు. తరవాత అక్కగారి దగ్గు. చెరిపే టైము లేక కంప్యూటర్ తెరకి తాళం వేసి పారిపోయాడు. మిగిలిన పని పూర్తిచేయడానికే ఇప్పుడు వస్తున్నాడు.

చూపుడువేలు చెయ్యి తనంతట తనే ముందుకు జరిగింది. ఆ ఫోల్డరు మీద నొక్కితే, చెరిపెయ్యమంటావా అని కంప్యూటర్ అడిగింది. అవునంటే చాలు. టైపిస్టుకి ఎటూ శిక్ష పడకపోవచ్చు, మంచి వకీలుని పెట్టొచ్చు, ఫీజు తనే ఇవ్వొచ్చు... ఎంత త్వరగా ఎన్ని సాకులు దొరికాయో చూసి అతనికే సిగ్గేసింది.

"అన్నయ్యా?"

తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. భుజాన పనిముట్ల సంచీ. అన్న ముఖం చూశాడు, తర్వాత తెర చూశాడు, చాలాసేపు.

"మసి గుర్తుందన్నమాట నీకు."

"నువ్వు మర్చిపోనిస్తేగా."

"నేను చంపలేదన్నయ్యా." ఆ మాట వాడు ఎన్నోసార్లు అద్దం ముందు చెప్పుకున్నట్టే చెప్పాడు. "ఒక్క ముక్క మార్చి రాయమన్నా. కాళ్ళు పట్టుకున్నా. కాపలావాడి పిల్లలకి నేనేం చెప్పను, నువ్వే చెప్పు అన్నాడు. విదిలించుకుంటుంటే తోశాను. అంతే. ఆ బీరువా నేను పెట్టానా అక్కడ?"

"ఆ అతుకు నువ్వే పెట్టావు కదరా."

తమ్ముడు తల దించుకున్నాడు. దించుకునే అన్నాడు, "పేపర్లో చూశాను. టైపిస్టుని నువ్వు చూపించావని. రాత్రంతా ఏడ్చాను తెలుసా? మా అన్నయ్యకి తెలిసిపోయింది, తెలిసే నన్ను దాచి ఆవిణ్ణి చూపించాడు అనుకున్నాను. ఎప్పుడూ విదిలించుకునేవాడివి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూశావనుకున్నా."

చెంపదెబ్బ తిన్నా ఇంత మండేది కాదు.

"నాకు తెలియదురా. తెలియకే చూపించాను."

"ఇప్పుడు తెలిసింది కదా. ఇప్పుడు తెలిసే చెయ్యి." తమ్ముడు వెనక్కి తిరిగి తలుపు మూశాడు. తాళంచెవి తిప్పి, తీసి, జేబులో వేసుకున్నాడు. "ఒక్క మీట నొక్కితే అయిపోతుంది. నువ్వు నొక్కకపోతే జరుగు, నేను నొక్కుతాను."

తమ్ముడు వచ్చేదాకా కింద ఆగి ఉన్న జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

అతను మౌస్ మీదనుంచి చెయ్యి తీసి, ఫోన్ అందుకున్నాడు. తమ్ముడు సంచీలో చెయ్యి పెట్టాడుగానీ దగ్గరికి రాలేదు. చూస్తున్నాడు.

"చెప్పండి గురువుగారూ" అంది ఫోన్లో ఇన్‌స్పెక్టర్ గొంతు.

"జీపు ఆపండి. ఆమెను దించెయ్యండి."

"మనిషి దొరికాడా?"

"దొరికాడు."

"ఎవరు?"

ఇన్నేళ్ళుగా ఎందరినో అలవోకగా చూపించిన వేలు, ఫోన్ మీద బిగుసుకుపోయింది. పేరు నాలిక మీదికి రాలేదు. వేరే మాట వచ్చింది.

"సర్వేయరుగారికి కుక్క లేదండీ. ఆ కుక్క మాది."

"ఏమిటీ? ఏ కుక్క? హలో?" అటువైపు బ్రేకు కీచుమంది.

తమ్ముడు సంచీలోంచి చెయ్యి బయటికి తీశాడు. చేతిలో పొడుగాటి స్క్రూడ్రైవరు. కళ్ళు మాత్రం అన్న చేతి మీదే ఉన్నాయి. ఆ వేలు ఎటు చూపిస్తే అటు పరుగెత్తిన చిన్నప్పటి కళ్ళే అవి. ఈసారి అది చూపిస్తున్నది తననేనని వాటికి ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలయ్యేసరికి వాడు ఒక అడుగు ముందుకు వేశాడు.